ముందు మీరే వదినగారూ

ఆ హోటలుకు బోర్డు లేదు. టాక్సీ అతను దాని ముందునుంచే రెండుసార్లు పోయి, చివరికి అనుమానంగా ఆపి, "ఇదే అయ్యుండాలమ్మా" అన్నాడు. ఒకప్పుడది నూలు బేళ్ళు దాచిన గిడ్డంగి. ఇప్పుడు ఇనపతలుపుకు నల్లరంగు వేసి, పక్కన ఒక దీపం వేలాడదీశారు. అటు కాఫీ కొట్టు, ఇటు సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు, ఎదురుగా కుండీల్లో మొక్కలు అమ్మే అంగడి. వీధిలో నడిచేవాళ్ళందరూ అప్పుడే నిద్రలేచి వచ్చినట్టున్నారు. అలా కనపడటానికి చాలాసేపు తయారైనట్టు కూడా ఉన్నారు.

టాక్సీలోంచి వియ్యపురాళ్ళిద్దరు దిగారు. ముందు దిగినావిడను అత్తవారింట అడుగుపెట్టిన నాటినుంచి అందరూ పెద్దకోడలు అనే పిలిచేవారు. చుట్టాలు, ఇరుగుపొరుగు, చివరికి పాలవాడు కూడా. అత్తగారు పోయి ఏడాదైంది, తనకే ఒక కోడలు వచ్చింది, మనవరాలు పుట్టింది. పేరు మాత్రం మారలేదు. కొన్ని ఉద్యోగాలకు పదవీ విరమణ ఉండదు.

వెనక దిగినావిడ కోడలుపిల్ల తల్లి. భర్త పోయాక కుట్టుమిషను ముందు కూర్చుని కూతుర్ని చదివించింది. ఇప్పుడు పనివాళ్ళను పెట్టుకుని పెద్ద దుకాణమే నడుపుతోంది. బంధువర్గంలో ఆవిడ దర్జీ వదిన.

"బొటిక్ హోటలంటే లోపల కనీసం ఒక మిషనైనా ఉంటుందనుకున్నా" అంది దర్జీ వదిన, లోపలికి వస్తూనే నాలుగు పక్కలా చూసి.

ఇద్దరూ వచ్చిన పని ఇది. కొడుకూ కోడలూ ఉండే ఫ్లాటు ఆ హోటలుకు రెండు వీధుల అవతల. ఒకటే పడకగది. పాపకు ఆరోనెల నడుస్తోంది, కోడలుపిల్ల సెలవు అయిపోవస్తోంది. తల్లులిద్దరిలో ఒకరు వచ్చి ఏడాదిపాటు ఉంటే పాపను వాళ్ళ చేతిలో పెట్టి ఆఫీసుకు వెళ్ళాలని ఆ పిల్ల ఆలోచన. హాల్లో సోఫా విప్పితే మంచమవుతుంది, ఒకరికి సరిపోతుంది. ఆ ఒకరు ఎవరన్నదే తేలలేదు. ఒకరినడిగితే రెండోవారి మనసు నొచ్చుకుంటుందేమోనని పిల్లలకు భయం. అందుకని, నాలుగు రోజులు వచ్చి పాపతో గడిపి మీలో మీరే తేల్చుకోండి అని చెప్పి హోటల్లో గది తీశారు.

పెద్దకోడలికి రావాలని లేదు. ఆ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. పాపంటే ఇష్టం లేక కాదు. ఆ పిల్ల బోసినోటితో నవ్విన ఫోటో చూసుకుని ఎన్నోసార్లు తనలో తనే నవ్వుకుంది. కానీ ఏడాదిగా ఆవిడకు మధ్యాహ్నాలు దొరికాయి. భోజనాలయ్యాక వంటిల్లు తుడిచి, ఒక్క కిటికీకి మాత్రం తెర లాగి, లైబ్రరీ పుస్తకం పట్టుకుని పడుకుంటుంది. రెండు పేజీలు చదువుతుంది, నిద్రపోతుంది, లేచి మళ్ళీ అవే రెండు పేజీలు చదువుతుంది. "ఏమే పెద్దకోడలా" అని అత్తగారి మంచంలోంచి కేక వినపడదు. భర్త స్నేహితుడి కొట్లో కబుర్లకు పోయి పొద్దు వాలాక వస్తాడు. ఇల్లంతా అద్దంలా ఉంటుంది, అందులో తనొక్కతే. పెళ్ళైనప్పటినుంచి అలాంటి మధ్యాహ్నం ఒక్కటి ఎరగదు. దాన్ని వదులుకోమంటే ప్రాణం ఒప్పడం లేదు. అయితే ఈ సంగతి బయటికి ఎలా చెప్పడం? అందరూ అనేది ఒక్కటే మాట. "అత్తగారు కూడా పోయింది, ఇంక నీకేం, హాయిగా వెళ్ళి మనవరాల్ని చూసుకోవచ్చు."

రిసెప్షన్‌లో బల్ల లేదు. ఒక అమ్మాయి సోఫాలోంచి లేచి వచ్చి, చేతిలో పలకలాంటిది పట్టుకుని, ఇద్దరికీ నిమ్మకాయ ముక్కలు వేసిన నీళ్ళిచ్చింది. తాళంచెవి ఇవ్వలేదు. తలుపు మీద నొక్కాల్సిన నంబరు చెప్పి గదిదాకా తీసుకువెళ్ళింది.

గది పెద్దదే. గోడలకు పూత లేదు, సిమెంటు సిమెంటులాగే ఉంది. పైన గొట్టాలు కనిపిస్తున్నాయి.

"గోడలు మధ్యలో వదిలేశారేంటమ్మా?" అంది దర్జీ వదిన.

"అదే స్టైల్ ఆంటీ."

"స్టైలా. మా ఇల్లు పదేళ్ళు ఇదే స్టైల్లో ఉండేది. తెలీక సిగ్గుపడేవాళ్ళం."

పెద్దకోడలు నవ్వు ఆపుకుంటూ మంచం వైపు చూసింది. కొడుకు రెండు మంచాల గది అడిగానన్నాడు. ఇక్కడున్నది ఒకటే మంచం, కొత్త దంపతులకన్నట్టు. దాని పక్కన స్నానాలగది. దానికి గోడ లేదు, గాజు ఉంది. మంచం మీద పడుకున్నవాళ్ళకు షవరూ, షవరు కింద నిలబడ్డవాళ్ళకు మంచమూ చక్కగా కనపడే ఏర్పాటు. తెర లేదు. దుప్పటి కడదామన్నా తగిలించడానికి కొక్కెం లేదు.

"రూమ్ ఓకేనా ఆంటీ?" అంది రిసెప్షన్ అమ్మాయి.

"చాలా బాగుందమ్మా" అన్నారిద్దరూ ఒక్కసారే.

బాగాలేదంటే పిల్లలు కష్టపడి తీసిన గదికి వంక పెట్టినట్టు అవుతుందని పెద్దకోడలి మొహమాటం. ఆవిడకు నచ్చినట్టుంది, నేనెందుకు కాదనాలి అని దర్జీ వదిన మొహమాటం. ఇద్దరి మొహమాటమూ కలిసి రిసెప్షన్ అమ్మాయిని సంతోషంగా కిందికి పంపేసింది.

తలుపు పడ్డాక ఇద్దరూ కాసేపు గాజు వైపు చూడకుండా పెట్టెలు సర్దుకున్నారు.

"ముందు మీరే స్నానం చెయ్యండి వదినగారూ" అంది దర్జీ వదిన. "ప్రయాణం బడలిక. నేనలా బయట గాలికి నిలబడతా."

"అయ్యో, మీరే ముందు."

"మీరు పెద్దవారు."

"వయసులో మీకంటే నేనెంత పెద్ద? మీరు చెయ్యండి."

అలా కాసేపు జరిగాక పెద్దకోడలు లోపల ఉండిపోయింది, దర్జీ వదిన వసారాలోకి వెళ్ళింది. వసారాలో ఒక కుర్చీ ఉంది. కూర్చోడానికో చూడటానికో తెలియనిది. ఆవిడ దాని అంచున, జారిపోకుండా కాలు తన్నిపెట్టి కూర్చుంది. తర్వాత ఆ కుర్చీ వంతు పెద్దకోడలిది. ఆ నాటినుంచి ఉదయం సాయంత్రం అదే పద్ధతి. లోపల ఒకరు, బయట భుజాన తువ్వాలుతో ఇంకొకరు. ఆ దారినపోయే అతిథులు తలవంచి పలకరించి, దాటాక వెనక్కి తిరిగి చూసేవారు.

పగలంతా కొడుకు ఫ్లాటులో గడిచేది. అక్కడా అదే వరస, కాకపోతే స్నానం బదులు పాప. పళ్ళెంలో మిగిలిన చివరి ముక్కను మీరు తినండంటే మీరు తినండని జరిపినట్టు ఇద్దరూ పాపను ఒకరి ముందుకు ఒకరు జరిపారు.

"చూడండి వదినగారూ, అమ్మమ్మ ఒళ్ళో ఎంత నిమ్మళంగా ఉందో" అనేది పెద్దకోడలు.

"నాయనమ్మ గొంతు వినగానే చెవులు రిక్కించింది, గమనించారా?" అనేది దర్జీ వదిన. "వంశం ఎక్కడికి పోతుంది."

"అమ్మమ్మ చేతి పెంపకం వేరండీ."

"నాయనమ్మకున్న హక్కు వేరండీ."

కొడుకూ కోడలూ వంటింట్లోంచి ఈ మాటలు విని ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. బయటికి తేనెలా ఉన్నా లోపల ఏదో ఉంది అనుకున్నారు. ఏదో ఉన్నమాట నిజమే. అదేమిటన్నదే వాళ్ళకు తిరగబడి అర్థమైంది.

ఒకనాటి ఉదయం పెద్దకోడలు వసారా కుర్చీలో తన వంతు కూర్చుని ఉంది. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది, ఫోను మోగింది. తలుపు బరువైనదే గానీ కింద సందు ఉంది. దర్జీ వదిన గొంతు స్పష్టంగా వినపడింది.

"చంక దగ్గర బిగుతంటే చంకే విప్పాలి, నడుం విప్పితే ఏమొస్తుందే? ... ఆ గుడ్డ ముట్టుకోకు. నేను వచ్చి కత్తెర వేస్తా. ... రాకేం చేస్తా, ఇక్కడ కాపురం పెడతాననుకున్నావా? దుకాణం వదిలి నేను ఉండగలనా?"

ఆ గొంతులో నవ్వుంది. ఈ రెండురోజుల్లో పాపతో మాట్లాడినప్పుడు కూడా పెద్దకోడలు అలాంటి నవ్వు వినలేదు. అయితే ఈవిడదీ నా పాటేనన్నమాట అనుకుంది. వెంటనే మనసు తేలికపడాలి. పడలేదు. ఆలోచించినకొద్దీ బరువెక్కింది. ఆవిడకు దుకాణం ఉంది. దుకాణానికి బోర్డు ఉంది. వీధిన పోయే ఎవరికైనా చూపించగల కారణం అది. ఇద్దరూ వెనక్కి తగ్గితే జనం ఎవరిని వదిలేస్తారు, ఎవరిని పట్టుకుంటారు? ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకునే మనిషినే కదా.

ఆ రోజంతా పెద్దకోడలు అమ్మమ్మ గొప్పతనం ఇంకో రెండు రెట్లు పొగిడింది. పాప తుమ్మినా అమ్మమ్మ పోలికే అంది. తనేం చేస్తోందో తనకు తెలుసు. తెలిసే చేసింది.

మర్నాడు ఉదయం కింద భోజనశాలలో ఇద్దరూ టిఫినుకు కూర్చున్నారు. అక్కడ ఒకటే పొడవాటి బల్ల, ఎవరైనా ఎవరి పక్కనైనా కూర్చోవాలి. కాఫీలు ఇంకా రాలేదు, కొడుకూ కోడలూ పాపను వేసుకుని వచ్చేశారు. ఇద్దరి ముఖాల్లోనూ పెద్ద విషయం మోసుకొచ్చిన బింకం ఉంది.

"అమ్మా, అత్తయ్యా, మేమొక నిర్ణయానికి వచ్చాం" అన్నాడు కొడుకు. "మా బిల్డింగ్‌లోనే పైన పెద్ద ఫ్లాటు ఖాళీ అయింది. మీ ఇద్దరికీ చెరో గది. ఇద్దరూ వచ్చెయ్యండి. ఇంక గొడవ పడక్కర్లేదు."

"గొడవేంట్రా?" అంది పెద్దకోడలు.

"దాచకమ్మా. రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. రోజూ ఒకళ్ళనొకళ్ళు గదిలోంచి వెళ్ళగొట్టుకుంటున్నారట. పక్కగదివాళ్ళు కూడా అడిగారట, ఆ ఆంటీలకు ఏమైందని."

వియ్యపురాళ్ళిద్దరూ ముఖాలు చూసుకున్నారు. ముందు దర్జీ వదినకు నవ్వొచ్చింది.

"వెళ్ళగొట్టుకోడం కాదు నాయనా, స్నానాలు. నువ్వు తీసిన గదిలో బాత్రూముకు గోడ ఎక్కడుంది? గాజు పెట్టారు. నా పెళ్ళైన కొత్తలో కూడా నేనంత ధైర్యం చెయ్యలేదు."

కోడలుపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. "మరి గది మార్చమని చెప్పాలి కదా" అన్నాడు.

"మీ అమ్మకు నచ్చిందనుకున్నా."

"నేను మీకు నచ్చిందనుకున్నా" అంది పెద్దకోడలు.

"సరే, పోనీండి" అన్నాడు కొడుకు తేరుకుని. "గొడవ లేకపోతే ఇంకా మంచిది. ఫ్లాటు ఐడియా మాత్రం బాగుంది. మీ ఇద్దరికీ పాపంటే ప్రాణం. ఓనరుతో మాట్లాడేశా, మధ్యాహ్నం వెళ్ళి సంతకం పెట్టేస్తాం."

పెద్దకోడలు తన ముందున్న రొట్టెముక్కను తుంచడం ఆపింది. ఇంతసేపూ ఆవిడ అనుకున్నది, మాట పెరిగేకొద్దీ ఎక్కడో ఒకచోట అదే ఆగుతుందని. ఆగలేదు. రెండోవాళ్ళ మీదికి తోసేయడానికి కూడా దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

"నాకు రావాలని లేదు" అంది.

గొంతు పెంచలేదు. బల్ల చివర లాప్‌టాప్‌తో కూర్చున్న మనిషి తల కూడా ఎత్తలేదు. కొడుకు మాత్రం సరిగా వినపడనట్టు ముందుకు వంగాడు.

"ఒంట్లో బాగాలేదా అమ్మా? మోకాళ్ళా?"

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి."

"నాన్న వద్దన్నారా?"

"నాన్న వెళ్ళిరమ్మనే అన్నారు. చక్కెర డబ్బా ఎక్కడుందో తెలీదు గానీ, నేను చూసుకుంటాలే అన్నారు."

"మరి ఇంకేంటి? నాయనమ్మ కూడా లేదు. అక్కడ నీకేం పని?"

"ఏ పనీ లేదు" అంది పెద్దకోడలు. "అందుకే రాను."

 కొడుక్కి ఆ జవాబు అర్థం కాలేదు, కోపం తెచ్చుకోవాలో వద్దో కూడా తెలియలేదు. అలాంటప్పుడు మనుషులు చేసే పనే చేశాడు. పక్కవాళ్ళ వైపు తిరిగాడు. కోడలుపిల్ల కూడా తిరిగింది. ఈలోగా వచ్చిన కాఫీలో దర్జీ వదిన చెంచా తిప్పుతూ ఉంది. చక్కెర ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

"సరేలే, ఏముంది" అంది దర్జీ వదిన మెల్లగా. "నేనే ఎలాగో..."

పెద్దకోడలు ఊరుకుంటే చాలు, వ్యవహారం అక్కడితో ముగిసేది. తను ఇంటికి, ఆవిడ సోఫాకు. ఆ సంగతి తనకు పూర్తిగా తెలుసు. దర్జీ వదిన చేతిలోని చెంచా వైపు చూసింది. అది ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఆవిడకూ కుదరదు" అంది పెద్దకోడలు. "అడిగితే కాదనడం ఆవిడకు చేతకాదు. అందుకని అడక్కండి."

"మీకెవరు చెప్పారు వదినగారూ?"

"నిన్న మీరు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. విని కూడా రోజంతా మిమ్మల్నే ముందుకు తోశాను."

దర్జీ వదిన చెంచా తీసి సాసరులో పెట్టింది. "నేను మాత్రం ఊరుకున్నానా? ఇక్కడికి రాకముందే మీ అబ్బాయికి చెప్పా, మీ అమ్మనే పిలువు నాయనా, పిలవకపోతే నొచ్చుకుంటుందని."

"అమ్మ కూడా అదే చెప్పింది మీ గురించి" అన్నాడు కొడుకు, ఎవరి వైపూ చూడకుండా.

"అంటే ఎవరికీ పాప అక్కర్లేదన్నమాట" అంది కోడలుపిల్ల.

"పాప కావాలే. పొద్దున్నుంచి రాత్రిదాకా పని వద్దు" అంది తల్లి. "నీకు మాత్రం? ఆఫీసుకు ఎందుకు పరిగెడుతున్నావు మరి?"

"అమ్మా."

"అన్నదాంట్లో తప్పేముంది. వెళ్ళమనే కదా నిన్ను చదివించింది. నా దుకాణానికీ నన్ను వెళ్ళనీ."

 కొడుకు రెండు గుడ్లు తిన్నాడు, రుచి తెలిసినట్టు లేదు. కోడలుపిల్ల ఏమీ తినలేదు. పాప ఒక్కతే బల్ల మీద చెయ్యి ఆనించి దరువు వేస్తూ ఉంది. చివరికి కోడలుపిల్లే కళ్ళు తుడుచుకుని, పక్కసందులో ఒక డే కేర్ ఉందని చెప్పింది. ఆఫీసుకు పోయే దారే. ఒకసారి గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. అమ్మమ్మా నాయనమ్మా ఇద్దరూ గట్టిగా ఉండగా పిల్లను అక్కడ పడేసిందని నలుగురూ అంటారని.

"అననీ" అంది దర్జీ వదిన. "పదండి చూద్దాం."

టిఫిను బల్ల దగ్గరనుంచి లేచినవాళ్ళు లేచినట్టే వెళ్ళారు. డే కేర్ ఒక ఇంటి కింది అంతస్తు. పొడవాటి గది, తెల్లటి కిటికీలు, కింద పరుపులు. పాల వాసన, దాని మీద ఫినాయిలు వాసన. ఇద్దరు ఆయాలు ఉన్నారు. దర్జీ వదిన లోపలికి వస్తూనే తెర అంచు తిరగేసి, గోటితో గీరి, "కుట్టు గట్టిగానే ఉంది" అంది. అంతకు మించిన పరీక్ష ఆవిడకు అక్కర్లేదు.

పెద్దకోడలు గదంతా తిరిగింది. మూలలు చూసింది. పాలసీసాలకు చీటీలు అంటించి ఉన్నాయా, ప్లగ్గులకు మూతలున్నాయా, పరుపుల కింద తడి ఉందా అన్నీ చూసింది. కొడుకూ కోడలూ ఆవిడ వెనకే తిరిగారు. శుభ్రం విషయంలో ఆ ఇంట్లో ఆవిడ మాటే ఆఖరిమాట. మంచి హోటళ్ళకే ఆవిడ పాసుమార్కులు వేయదు.

గది చివర ఉయ్యాలమంచంలో ఒక పిల్లవాడు ఏడవడం మొదలుపెట్టాడు. దగ్గరున్న ఆయా ఇంకో పిల్లకు బట్టలు మారుస్తోంది. తల తిప్పి, "వస్తున్నా నాన్నా" అంది గానీ లేవలేదు. ఏడుపు పెరిగింది. పెద్దకోడలి చేతులు వాటంతటవే ముందుకు వచ్చాయి. చేతిసంచి గట్టిగా పట్టుకుని వాటిని ఆపుకుంది. కోడలుపిల్ల ఆవిడ ముఖం వంకే చూస్తోంది. కొడుకు కూడా. ఆవిడ ఇప్పుడు పెదవి విరిస్తే చాలు. వాళ్ళు ఈ గుమ్మం దాటిపోతారు, మధ్యాహ్నానికి ఫ్లాటు సంతకం అయిపోతుంది. విరవడం తేలిక కూడా. మంచి నాయనమ్మ అని పేరొస్తుంది.

ఆయా ఆ పిల్ల బట్టలు మార్చడం పూర్తిచేసింది. పిల్లను పరుపు మీద కూర్చోబెట్టింది. చేతులు సబ్బుతో కడుక్కుంది, తుడుచుకుంది. అప్పుడు వచ్చి ఏడుస్తున్నవాణ్ణి ఎత్తుకుంది. వాడు రెండు వెక్కిళ్ళు పెట్టి ఊరుకున్నాడు.

ఇప్పుడు పక్కన నిలబడి ఉన్న ఈ కొడుకు కూడా అంతకంటే ఎక్కువే ఏడ్చాడు, ఒకప్పుడు. ఇంటెడు మందికి వడ్డిస్తూ పెద్దకోడలు వంటింట్లోనే ఉండిపోయేది. ఎంగిలి చేతులతో ఎవరో ఒకరు ఎత్తుకునేవారు, లేకపోతే లేదు. వాడికి ఆ సంగతి తెలియదు. ఆవిడ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"ఏమంటావమ్మా?" అన్నాడు కొడుకు.

"బాగానే ఉంది" అంది పెద్దకోడలు. "ఎండ పడని పక్కన మంచం ఇమ్మని అడగండి. సీసాలు మనవే పంపండి."

కోడలుపిల్ల పాపను ఆయా చేతికి ఇచ్చి చూసింది. పాప వెనక్కి తిరిగి తల్లిని, ఇద్దరు ముసలివాళ్ళను ఒకసారి పరికించింది. ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఏడవలేదు. ఆయా చెవికున్న నీలంరంగు పోగు కనపడేసరికి, అది తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు దాన్ని పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

పెద్దకోడలికి ఇంత తొందరగానా అనిపించింది. దర్జీ వదిన కూడా అటువైపే చూస్తూ, "మనల్ని అప్పుడే మర్చిపోయింది దొంగముండ" అని ముక్కు ఎగబీల్చింది.

"ఇంకోసారి ఆలోచిస్తావా అమ్మా?" అన్నాడు కొడుకు, ఆవిడ ముఖం కనిపెట్టి.

పెద్దకోడలు నిజంగానే ఆలోచించింది. పాప వైపు చూస్తూ, తొందరపడకుండా, ఆయా రెండోసారి పోగు విడిపించుకునేదాకా ఆలోచించింది.

"లేదురా" అంది. "సెలవులకు తీసుకురండి. నాలుగు రోజులు ఉంచుకుని పంపిస్తా."